సరోంగుల లెక్క, చీరల లెక్క
(ఉగాది ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మేము అంటే అన్నాచెల్లెళ్లం ఇద్దరం. ఈ కాగితాలు ఇద్దరం కూర్చుని రాసుకున్నాము, చదివేది మాత్రం ఒకరే. మా మాటల్లో శ్రీకాకుళం యాస, మధ్య మధ్య మలాయి మాట దొర్లితే మన్నించాలి. అవి లేకుండా మాట్లాడడం మాకు చాతకాదు.

ఈ దేశంలో పుట్టి పెరిగిన మనవాళ్లు తెలుసుకోదగ్గ ఒక మహనీయుని గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఏ కవినో, ఏ గాయకునో ఎంచుకుంటామని అనుకుని ఉంటారు. మేము ఒక ఆర్థికశాస్త్రజ్ఞుని ఎంచుకున్నాము. ఆయన తెలుగువాడు కాదు, హిందువు కాదు, మన లయిన్లలో పుట్టినవాడు అంతకన్నా కాదు. జొహోర్ రాజకుటుంబానికి చుట్టము. రాయల్ ప్రొఫెసర్ ఉంగ్కు అజీజ్. 1922లో లండనులో పుట్టి, 2020 డిసెంబరులో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన తాతలు ఎందుకు పేదలుగా మిగిలారో, మన తోటబడులు ఎందుకు మూతపడ్డాయో తెలుసుకోవాలంటే ఆయన రాసినవి చూడవలసిందే.

ముందు మా ఇంటి సంగతి. మా తాత విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి వచ్చినవాడు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపివేసింది, అంతకు చాలా ముందు మాట అది. దిగువ పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో పాలు గీసాడు. మా నాయన అక్కడే పుట్టి అక్కడే గీసాడు. తోట అంటే పనిచోటు ఒక్కటే కాదని మన పెద్దలకు తెలుసు. లయిను ఇల్లు, కుళాయి, మందుల కొట్టు, చంటిపిల్లల ఆయా కొట్టం, రాములవారి గుడి, బడి, అన్నీ తోటలోనే. బడి వయసు పిల్లలు పదిమంది గాని అంతకు మించి గాని ఉంటే తోటలో బడి పెట్టవలసిందేనని 1923 నాటి కార్మిక చట్టంలోనే ఉంది. మా తోటలో తెలుగు బడి ఉండేది. ఒక గది, ఒక మాస్టారు.

1950ల చివరలో తోట అమ్ముడుపోయింది. దొరల కంపెనీ మరొకరికి అమ్మింది, ఆ మరొకరు దానిని ముక్కలుగా కోసి పదిమందికి అమ్మారు. మస్టరు దగ్గర కిరాణీగారు పేర్లు చదివి, రేపటినుంచి చెక్‌రోలు లేదు అన్నాడట. అన్నకు అప్పుడు ఏడేళ్లు, చెల్లికి ఐదు. నాయన ఒక ముక్క యజమాని దగ్గర కంట్రాక్టు మీద గీతకు కుదిరాడు. పాలు ఎంత తూగితే అంత కూలి, వాన పడితే సున్న. ఇల్లు యజమాని బాధ్యత కాదు, మందులు బాధ్యత కాదు, బడి సంగతి ఎవరూ ఎత్తనే లేదు. మాస్టారు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. చెల్లి తెలుగు అక్షరాలు సగంలో ఆగిపోయాయి. 'ణ' దాకా వచ్చి నిలిచిపోయానని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

ఇది మా ఒక్కరి కర్మ అనుకున్నాము. మా అమ్మ అయితే నలభై ఏళ్లపాటు అలాగే అనుకుంది.

1970లలో మేము కువాలాలంపూరులో మలయా యూనివర్సిటీలో చదివేటప్పుడు లైబ్రరీలో మూడు సంపుటాల గ్రంథము ఒకటి కనబడింది. 1951 నుంచి 1960 వరకు మలయాలో ఎస్టేట్లను ముక్కలు చేయడం గురించి యూనివర్సిటీ ఆర్థికశాస్త్ర విభాగం 1962లో ప్రచురించినది. రచయిత ఉంగ్కు అజీజ్. అప్పుడాయన మా వైస్ ఛాన్సలరు. నిలబడే చదివాము, కూర్చోవడం మరిచిపోయాము. తోటలను ఎందుకు అమ్మారు, ఎవరు కొన్నారు, ముక్కలైన తరువాత చెట్ల గతి ఏమిటి, గీసేవాళ్ల గతి ఏమిటి అన్నదంతా అందులో విచారించారు. స్వాతంత్ర్యం వస్తోందని కొందరు విదేశీ యజమానులు జంకారు, ముదురు చెట్లు నరికి కొత్తవి నాటడానికి కొందరికి మనసు రాలేదు. గంపగుత్తగా కొని చిల్లరగా అమ్మితే లాభం చాలా ఎక్కువ. కొన్నవారిలో చీనావారు ఉన్నారు, చెట్టియార్లు ఉన్నారు, ఒక జాతిని ఆడిపోసుకోవడానికి లేదు. ఐదారు ఎకరాల ముక్క కొన్నవాడు చెట్టును ఉన్నన్నాళ్లు గట్టిగా గీయించుకుంటాడు, మళ్లీ నాటే ఓపిక ఉండదు. ఈ ముక్కలు చేయడం దేశానికీ మంచిది కాదు, కూలివానికీ మంచిది కాదు అన్న వైపే ఆ అధ్యయనం మొగ్గింది.

మా తోట పేరు అందులో ఉన్నదా అని మీరు అడగవచ్చు. అది కాదు ముఖ్యం. మా అమ్మ కర్మ అన్నదానికి ఒక కారణం ఉందని, అది కొలవదగ్గదని, ఒక ప్రొఫెసరు దానిని కొలిచాడని మాకు ఆ రోజు తెలిసింది.

ఆయన చదువు సింగపూరులో రాఫుల్స్ కాలేజీలోను, టోక్యోలో వసేదా యూనివర్సిటీలోను సాగింది. జొహోర్ సర్కారు కొలువులో కొన్నాళ్లు ఉండి, తరువాత పాఠాలు చెప్పడానికి వచ్చారు. దేవాన్ బహాసా దాన్ పుస్తాకా పుట్టిన రోజుల్లో దానికి పెద్దగా కూడా ఉన్నారు. 1968 నుంచి 1988 వరకు 20 ఏళ్లు మలయా యూనివర్సిటీ వైస్ ఛాన్సలరు, ఆ పదవిలో తొలి మలేషియా వ్యక్తి. 1978లో రాయల్ ప్రొఫెసర్ బిరుదు. ఆయన కుమార్తె 2000 నుంచి 2016 వరకు బ్యాంక్ నెగారా గవర్నరుగా చేశారు. పదవుల పట్టీ ఇంతటితో చాలు.

పల్లెల పేదరికం గురించి 1964లో ఆయన ఒక వ్యాసం రాశారు. పేదరికానికి మూడు మూలాలు చెప్పారు: తక్కువ ఉత్పత్తి, దోపిడి, అలక్ష్యం. పేదవాడు సోమరి, దుబారా మనిషి, రేపటి చింత లేనివాడు అని దొరలు చెప్పుకున్న కాలంలో ఆయన ఆ మాటను తలకిందులు చేశారు. వరి రైతుకు విత్తనానికి అప్పిచ్చేవాడు, బియ్యం ఉప్పు అరువిచ్చేవాడు, పంట కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో లెక్క వేసి చూపారు. అమ్మేచోట వాడొక్కడే, కొనేచోటా వాడొక్కడే. కోతకు ముందే ధర కట్టి తీసుకునే పాడి కుంచా అప్పులు, తిరిగి కొనుక్కోవచ్చునన్న మాట మీద భూమి చేతులు మారే జువల్ జంజీ కాగితాలు, ఇవన్నీ ఆయన విప్పి చెప్పినవే. మన తోట దుకాణంలో నెలాఖరుకు జీతం ముట్టకుండానే పద్దు కిందికి పోయిన ఇళ్లవారికి దీనికి వేరే వివరణ అక్కరలేదు.

ఇక సరోంగు సంగతి. పిల్లలు నవ్వుతారేమో, నవ్వండి, కాని వినండి.

పల్లెటూరి మనిషిని నీ రాబడి ఎంత అని అడిగితే చెప్పలేడు. చేప పడిననాడు ఉంది, పడనినాడు లేదు. అందుకని ఉంగ్కు అజీజ్ ఇంట్లో సరోంగులు లెక్కపెట్టమన్నారు. ఏడాది దాటిన మనుషులు ఎందరు, సరోంగులు ఎన్ని? మనిషికి ఒకటికన్న తక్కువ వస్తే ఆ ఇల్లు పేదిల్లు. సరోంగే ఎందుకంటారా? ఆడా మగా ఇద్దరూ కట్టేది, స్నానానికి అదే, నమాజుకు అదే, రాత్రి కప్పుకునేది అదే, చంటిబిడ్డకు ఉయ్యాల కట్టేది అదే. మనిషికి ఒక్కటైనా లేని ఇంట్లో ఇద్దరు ఒకేసారి బయటికి పోలేరు. ఇంతకన్న తేటగా పేదరికాన్ని చెప్పే కొలత మేము చూడలేదు. మిల్లుగుడ్డ చవకైన తరువాత ఈ కొలతకు పదును తగ్గింది, నిజమే. ఆ కాలానికి మాత్రం అది సరిగ్గా కుదిరింది.

మేము ఆ లెక్క మా ఇంటికి వేసి చూసుకున్నాము. మా అమ్మకు మూడు చీరలు. ఒకటి గీతకు పోయేది, రబ్బరు పాలు పట్టి బిరుసెక్కి నిలబెడితే నిలబడేది. ఒకటి ఇంట్లోది. ఒకటి రాములవారి కల్యాణానికి, పెట్టెలో. నానమ్మకు రెండు, అవే ఒకటి తడిగా ఒకటి పొడిగా. చెల్లి పుట్టినప్పుడు ఉయ్యాలకు కట్టినది నానమ్మ చీర, ఆ కొన్ని నెలలు నానమ్మకు మిగిలింది ఒక్కటే. ఆవిడ పగటిపూట ఇల్లు కదిలేది కాదు. ముసలితనం వల్ల అనుకున్నాము. తోట ముక్కలయిన సంవత్సరం పెట్టెలోని చీర కూడా పోయింది. కుదువ పెట్టిందో అమ్మిందో అమ్మ చెప్పలేదు, మేము అడగలేదు.

ఈ మనిషి కొలిచి ఊరుకున్నవాడు కాడు. హజ్ యాత్రకు పోవాలని పల్లెటూరి ముస్లిములు పొలమూ పశువులూ అమ్ముకునేవారు, తిరిగి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండేది కాదు. వడ్డీ పాపమని బ్యాంకుకు పోరు, డబ్బు ఇంట్లోనే దాస్తారు. 1959లో ఉంగ్కు అజీజ్ ప్రభుత్వానికి ఒక పథకం రాసి ఇచ్చారు: వడ్డీ లేకుండా చిన్న చిన్న మొత్తాలు కూడబెట్టే సంస్థ పెట్టాలి, ఆ డబ్బును మతానికి ఒప్పుదలైన వ్యాపారాల్లో పెట్టి లాభం పంచాలి. 1963లో అది పని మొదలుపెట్టింది. దాన్నే ఈనాడు తాబుంగ్ హాజీ అంటున్నాము. 1971లో సహకార సంఘాలకు అంగ్కాసా అనే జాతీయ సంస్థ ఏర్పడితే దానికి ఎన్నో ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. పేదవానికి దానం కాదు, కూడబెట్టుకునే చోటు కావాలన్నది ఆయన పట్టు.

మనవాళ్లలోనూ ఆ ఆలోచన అప్పుడే పుట్టింది. తోటలు ముక్కలవుతున్న వేళ, 1960లో, తున్ సంబంధన్ జాతీయ భూమి ఫైనాన్సు సహకార సంఘం స్థాపించారు. నూరు డాలర్ల వాటా, నెలకు పది డాలర్ల వాయిదా. మరుసటేడు కెడాలో బుకిట్ సిడిం తోటను కొన్నారు, గీసేవాళ్లే యజమానులు. మా నాయన వాయిదాలు కట్టిన రసీదులు ఇంకా మా దగ్గర ఉన్నాయి. నెలకు పది డాలర్లు అంటే ఆ రోజుల్లో ఆషామాషీ కాదు, నానమ్మ కుటు చీటీ మానేసి మరీ ఇచ్చింది. ఆ సంఘం అన్ని తోటలనూ కాపాడలేకపోయింది. మా తోట అప్పటికే పోయింది. మా నాయన కట్టింది ఇంకొకరి తోట నిలవడానికి.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. జాతి చూడకుండా పేదరికం తొలగించాలన్నది దానిలో ఒక కాలు. 1970లో ద్వీపకల్ప మలేషియాలో నూటికి 49.3 ఇళ్లు పేదవి. వరి రైతులలో నూటికి 88, బెస్తవారిలో 73, రబ్బరు చిన్న రైతులలో 65కు దగ్గర, ఎస్టేటు కూలీలలో 40. మనకన్న వాళ్లు ఎక్కువ పేదలు, వాళ్లకు ముందు చేయడం న్యాయమే. మా పేచీ దానితో కాదు. పథకాలన్నీ భూమిని పట్టుకుని వచ్చాయి: నాటడానికి సాయం, కొత్త భూమి, ఎరువు. భూమి లేని గీతగాడు దేనికిందికీ రాలేదు. వాని ఇల్లూ నీళ్లూ యజమాని చూసుకుంటాడని వదిలేశారు. కూలీల ఇళ్లకు కనీస ప్రమాణాల చట్టం 1990లో గాని రాలేదు. ఉంగ్కు అజీజ్ చెప్పిన మూడో మాట, అలక్ష్యం, ఈసారి మన లయిన్ల మీద పడింది. తోట భూమిని ఇద్దరు ముగ్గురికి ముక్కలుగా అమ్మాలంటే ఎస్టేట్ భూముల బోర్డు అనుమతి కావాలని జాతీయ భూచట్టంలో 214ఏ సెక్షను తరువాత చేరింది. మంచిదే. ఎవరి ఇళ్లు ముందే పోయాయో వాళ్లకు అది చలికాలం పోయాక ఇచ్చిన కంబళి.

ఆయన కలం ఎక్కువగా మలాయి పల్లెల మీదే నడిచింది, అదీ దాచనక్కరలేదు. ఎస్టేట్ల మీద మూడు సంపుటాలు రాసిన మనిషి ఆ దారినే మరికొంత దూరం పోయి ఉంటే మనకు బాగుండేది. 1974 డిసెంబరులో బాలింగ్ రబ్బరు రైతుల ఆకలి గురించి విద్యార్థులు వీధికెక్కినప్పుడు వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. పేదరికం మీద జీవితమంతా పనిచేసిన పండితుడు అప్పుడు వైస్ ఛాన్సలరు కుర్చీలో ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో ఆ వయసులో మాకు తెలియదు.

మలాయి పంతూన్ పద్యాలంటే ఆయనకు ప్రాణం, వాటిమీద పుస్తకాలే రాశారు. పల్లెవాని తెలివి ఆ పద్యాలలో ఉందని ఆయన నమ్మకం. మా నానమ్మ పాటలు ఎవరూ రాసుకోలేదు. మేము కూడా రాసుకోలేదు, చదువుకున్నవాళ్లమై ఉండి.

అందుకని ఒక పని పెట్టుకున్నాము. మీలో 70 దాటినవారు, మీ తోట ముక్కలయిన రోజు గుర్తున్నవారు, లేదా మీ అమ్మానాన్నల నోట విన్నవారు, భోజనాల దగ్గర మా బల్లకు రండి. పులిహోర పక్క వరుసలో గోడవైపు కూర్చుంటాము. తోట పేరు, ఏ సంవత్సరం, బడి ఉండేదా, అందులో ఏ భాష చెప్పేవారు, ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోయారు, అప్పుడు ఇంట్లో ఆడవారికి ఎన్ని చీరలు ఉండేవి. చివరి ప్రశ్న అడిగితే ఏమీ అనుకోకండి. నోటుబుక్కులు రెండు తెచ్చాము.