కూరలు సహింపనివారి ఆరోగ్యభోజనము
(నంద్యాలలో జరిగిన మన వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ సభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహ నిధిని గూర్చియు పెద్దలు గంభీరముగా ప్రసంగించిరి. వారి వెనుక మేము నిలిచి ఆకుకూరలను గూర్చి మాటాడ బూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుడు, కాని విని నవ్వుడు. ఈ నంద్యాలయందే 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ జరిగిన సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదింపగా, దత్తమండలమను పేరు పోయి రాయలసీమ యను పేరు నిలిచినది. సభలో పలికిన ఒక్క మాట సీమ పేరునే మార్చగలిగినప్పుడు, ఈ సభలో పలుకు మాట మన యిండ్ల పొయ్యిమీది కుండను కొంచెమైనను మార్చదా యని మా యాశ.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొందుము. మేము ఆళ్లగడ్డలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా నంద్యాలలో స్థిరపడినవారము. చిన్ననాటినుండి మాకు కూరగాయలు సహింపవు. వంకాయ విస్తరిలో కనబడినచో మొగము త్రిప్పుకొనువారము. కాకర చేదు, సొర చప్పన, బీరకాయ మెత్తన, మటికాయ పీచు అని దేనికొక వంక దానికి పెట్టువారము. తల్లి బ్రతిమాలెను, తండ్రి కోపించెను, కూర తినక లేవరాదని కూర్చుండబెట్టిరి. మేము కూరను అన్నముక్రింద దాచి లేచితిమి. పెద్దవారమైన పిదప అడుగువారే లేకపోయిరి. ఉదయమున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నమున తెల్లనన్నము, ఉర్లగడ్డ వేపుడు, ఊరగాయ, రాత్రి మరల అన్నమే. ఆ బజ్జీలోని మిరపకాయ తప్ప మఱియొక కాయ మా కడుపు చేరిన దినములు తక్కువ.

ఏబదినాలుగవ యేట మధుమేహము బయలుపడినది. వైద్యుడు కూరలు పెంచి అన్నము తగ్గింపుమనెను. "శరీరము మాది, నాలుక మాది" యని మేము వినలేదు. పిమ్మట మా కోడలు తొలిచూలు గర్భవతియై యుండగా రక్తపరీక్ష చేయించితిమి. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకుండ ఉండవలసిన హీమోగ్లోబిను ఆమెకు 8 గ్రాములే యుండెను. ఏమి తినుచున్నావమ్మా యని డాక్టరమ్మ యడుగగా, ఆమె తల వంచుకొని, "మామయ్యకు ఏది వండితే అదే మేమూ తింటాము" అని చెప్పినది.

బాంధవులారా! ఆ మాట మాకు శూలమై తగిలినది. మేము మొగము చిట్లించుటచే మా యింట ఆకుకూర వండుట యెన్నడో మానిరి. మగవారు తినిన పిదప ఆడువారు మిగిలిన అన్నమును చారుతో, ఊరగాయతో కలిపికొని తినుచుండిరి. మా నాలుక మాదే యనుకొంటిమి; అది ఇంటిల్లిపాదికి శాసనమై యుండెను. కోడలికి ఇనుము మాత్రలును, సూదిమందును ఇప్పించితిమి. బిడ్డ తక్కువ తూకముతో పుట్టినది. దైవకృపచే ఇప్పుడు ఇద్దఱును క్షేమముగా నున్నారు. కాని మా యింట కలిగిన భయము మఱి యే యింటను కలుగరాదని ఈ వేదిక నెక్కితిమి.

ఇది మా యొక్క యింటి కథయే యైన మేము మాటాడకుందుము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనులని తేలినది. ఆఱు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి సుమారు 63 మంది. ఈ మండపమున కూర్చున్న సోదరీమణులను చూడుడు. ఆ లెక్క యెవరిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. రక్తహీనతకు కారణములు పెక్కు గలవు. కూర లొక్కటియే మందు కాదు. గర్భిణులకు ప్రభుత్వ మిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు తప్పక మ్రింగవలయును. అయినను ఆ మాత్రలోని రెండవ వస్తువు పేరు విన్నప్పుడు తెలుగువాడు ఒకింత గర్వపడవచ్చును, ఒకింత సిగ్గుపడవచ్చును. 1941లో అమెరికాదేశపు టెక్సాసులో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నూరి, వడగట్టి ఆ వస్తువును రవ్వంత రాబట్టిరి. లాటిను భాషలో ఆకునకు ఫోలియము అని పేరగుటచే దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో సాధించిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆకులోని సారమును లోకమునకు మాత్రగా నిచ్చినవాడు తెలుగువాడు. ఆకును విస్తరి అంచునకు నెట్టువారమును తెలుగువారమే.

మన పెద్దలు ఇట్లు తినినవారా? కారు. సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వఱకు పాఱు కె.సి. కాలువ రాకపూర్వము ఈ కుందూనది పరిసరములయందు జొన్న, కొఱ్ఱ, సజ్జ ముఖ్యాహారములు. రొట్టె గొంతు దిగవలెనన్న ప్రక్కన పప్పో, పుల్లగూరయో, పచ్చడియో ఉండి తీరవలయును. కాలువతో వరి వచ్చినది. వరి రావడము దోషము కాదు. పలువుర ఆకలి తీర్చినది. కాని తెల్లనన్నము చారుతోను దిగును, మజ్జిగతోను దిగును, ఊరగాయతోను దిగును. రొట్టె కోరునట్లు అన్నము కూరను కోరదు. ఇట్లు అన్నముతోపాటు కూర మానుటకు వెసులుబాటు కూడ మన యిండ్లలో ప్రవేశించినది.

అందుచే జొన్నరొట్టె మరల పట్టుడనుట మంచిదే. మన నంద్యాల వ్యవసాయ పరిశోధనాకేంద్రము 1906లో వెలసినది; జొన్న, కొఱ్ఱ, శనగ మున్నగు పైరులలో మేలైన రకములను అచ్చట రూపొందించుచున్నారు. సూర్యనంది యను కొఱ్ఱ అచ్చటిదే. అయితే జొన్న తినుచున్నాము గదా, కూరతో పనియేమని యనుకొనరాదు. జొన్నయే సర్వస్వమైన దక్కను బీదలలో పెల్లగ్రా యను చర్మవ్యాధి యుండుటను హైదరాబాదులోని పోషకాహార సంస్థయందు డాక్టరు గోపాలన్‌గారును, వారి సహచరులును 1960 ప్రాంతమున పరిశోధించిరి. ఒక్క ధాన్యముతో ఏ దేహమును నిలువదు. ఆ సంస్థయే 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో, పెద్దవారు దినమునకు కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినవలెనని యున్నది. వంట చేయక ముందటి తూకమది. మేము మా యింట తూచి చూడగా మొదట మా వంతునకు 60 గ్రాములైనను రాలేదు.

ఇక సహింపమి యనునది కేవలము మొండితనము కాదు. 1931లో అమెరికాలో ఫాక్సు అను రసాయనవేత్త ఒక పొడిని సీసాలో పోయుచుండగా అది గాలిలో లేచెను. ప్రక్కనున్న మిత్రుడు చేదు, చేదు అని మొఱపెట్టెను. ఫాక్సుకు చేదే తెలియలేదు. చేదు తెలియుట మనుష్యునకు మనుష్యునకు వేఱనియు, అది వంశపారంపర్యముగ వచ్చుననియు ఇట్లు తేలినది. కావున కాకరకాయ తినని బిడ్డను కొట్టకుడు. క్రొత్త కూరను బిడ్డలు మొదటిసారి ఉమ్మివేయుట సహజము. బలవంతము లేక, కొంచెము కొంచెముగ పది పదిహేను మార్లు పెట్టిన పిదప పెక్కుమంది అలవాటుపడుదురు. మమ్ము కూర్చుండబెట్టి తినిపింపజూచిన దినములే మాకు వంకాయను శత్రువును చేసినవి.

మా యింట మేము అనుసరించిన పద్ధతులను ఇప్పుడు విన్నవింతుము. మా సూత్ర మొక్కటే: ఇష్టము లేనిదానిని ఇష్టమైనదానితో కలుపవలయును.

మొదటిది పప్పు. పప్పును తినని తెలుగువాడు అరుదు. గుప్పెడు కందిపప్పునకు రెండు గుప్పిళ్ల ఆకు వేసి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డ తిరుగవాత వేసినచో ఆకు కంటబడదు. పుంటికూర, చుక్కకూర, చింతచిగురు పుల్లనివి. కూర సహింపనివారు వీనితో ఆరంభించిన మేలు. మన నల్లరేగడి చేలలో శనగమొక్క జానెడు పెరిగినప్పుడు కొనలు గిల్లుదురు గదా. గిల్లినకొలది కొమ్మలు వేయును. ఆ శనగాకునకు సహజముగనే పులుపు గలదు. అట్లే కలుపుగ పీకి పాఱవేయు చెంచలి, పాయలాకు మన అవ్వలు ఒడిలో కట్టుకొని వచ్చి వండినవే. అయితే పురుగుమందు, కలుపుమందు కొట్టిన చేలలో మాత్రము గిల్లరాదు.

రెండవది పుల్లగూర, పచ్చడి. మాకు వంకాయ రుచికంటె దాని మెత్తదనము గిట్టదు. అట్టివారికి ముక్క కనబడకుండ ఎనిపినదియో, రోట నూరినదియో హితము. బీరపొట్టు, సొరపొట్టు సైతము వేయించి శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు చేర్చి నూరిన ఎవ్వరును గుర్తింపలేరు. ముక్క కరకరలాడవలయు ననువారు మటికాయను, బెండకాయను కొద్ది నూనెలో వేయించుకొనవచ్చును. కొంచెము నూనె దోషము కాదు. ఆకులలోని ఏ జీవసత్త్వపు మూలము ఒంటబట్టుటకు నూనె కావలయును.

మూడవది రొట్టె. జొన్నపిండిలో సన్నగ తరిగిన మెంతియాకు, ఎఱ్ఱగడ్డ, మునగాకు కలిపి తట్టిన రొట్టెను మా మనుమలు అడిగి తినుచున్నారు. పెరటిలో ఒక్క మునగచెట్టున్న యింట ఆకుకూరకు అంగడికి పోనక్కఱలేదు.

నాలుగవది పండు. కూరకు పండు పూర్తిగ బదులు కాదు. అయినను చాలవఱకు తోడ్పడును. జామకాయలో నారింజకంటె సుమారు నాలుగింతలు సీ జీవసత్త్వము గలదు. ఆకుకూరపై నిమ్మరసము పిండినను, భోజనముతో జామముక్క తినినను ఆకులోని ఇనుము బాగుగ ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో అది తగ్గును. గంటసేపు ఆగి త్రాగవలయును. మధుమేహము గలవారు తియ్యని పండ్లను మితముగ తినవలయును.

ఐదవది క్రమము. విస్తరిలో మొదట కూరపప్పు తిని, పిదప అన్నము కలుపుకొనుడు. ఆకలిమీద నున్న నాలుక అంత వంకలు పెట్టదు. కడుపులో ముందు పీచు చేరుటచే రక్తమున చక్కెర యొక్కసారిగ పెరుగదు.

రెండు హెచ్చరికలు. ఊరగాయ కూర కాదు. అందలి కాయకంటె ఉప్పే ముఖ్యము. దినమునకు ఒకరికి అన్నిట కలిపి 5 గ్రాముల ఉప్పునకు మించరాదు. మఱియు మూత్రపిండముల వ్యాధి గలవారు, రక్తము గడ్డకట్టకుండ మందు మ్రింగువారు వైద్యు నడుగక ఆకుకూరలు ఒక్కసారి హెచ్చింపరాదు.

ఇది యంతయు గృహములవారి పని. సంఘము చేయదగినవి మూడు కలవు; తీర్మానముగ స్వీకరింప ప్రార్థించుచున్నాము. మన విద్యార్థి వసతిగృహపు దొడ్డిలో మునగయు, కరివేపయు, జామయు నాటి, వారమున నాలుగుదినములు ఆకుపప్పు వండింపవలయును. మన పెండ్లిపంక్తులలో నాలుగు తీపివంటలు చేయుచోట రెండు చేసి, మిగిలిన వ్యయముతో రెండు మంచి కూరలు వండింపవలయును. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ఈ పూట మన సభాభోజనముననే ఆడువారి పంక్తి మొదట వేయవలయును. వారు తినిన పిదప మిగిలినది మేము తిందుము. మిగులు భోజన మెట్లుండునో ఒక్కపూట మనకును తెలియవలయును గదా.

మీరు తప్పక అడుగుదురు: ఇప్పుడు మీకు వంకాయ యిష్టమా యని. అబద్ధమేల? నేటికిని ఇష్టము లేదు. కాని ఇష్టము లేదని మేము మొగము చిట్లించుట మానితిమి. మా యింట ఇప్పుడు ప్రతిదినము ఆకు ఉడుకుచున్నది. మా చక్కెర కొంత దిగినది. కోడలి హీమోగ్లోబిను 12 దాటినది. మనుమరాలు పుంటికూర పప్పునకై చేయి చాచుచున్నది. ఆ చేతిలో ముద్ద పెట్టునప్పుడు, చూచుచున్నదని యెఱిగి, మేమును ఒక ముద్ద తినుచున్నాము.

 మన కులమున ప్రతి గృహము అన్నపూర్ణయు ఆరోగ్యపూర్ణయు నగుగాక! శుభమస్తు.