ఆకాశం నుండి చూచిన తుంగభద్ర

(ప్లాటినం జూబిలీ సభలలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపగ్రహమనగానే మన పిల్లలు టెలివిజనును తలచుకొంటారు. నేను చెప్పదలచినది భూమిని చూచే ఉపగ్రహాలను గురించి. అందుకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. మన పొలాలకు నీరిచ్చే తుంగభద్ర జలాశయమే చాలును.

1953లో ఈ జలాశయంలో నీరు నిలిపినప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు. నేడు లెక్కకు తీసుకొంటున్నది దాదాపు 105. ఒక్క టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. తక్కిన చోటును పూడికమట్టి ఆక్రమించినది.

నీటి అడుగున దాగిన మట్టిని కొలిచేదెట్లు? పూర్వం పడవలలో తిరుగుతూ లోతులు చూచేవారు. అది ఎంతో కాలం, ఎంతో వ్యయం పట్టే పని. ఉపగ్రహం దారి వేరు. సూర్యకాంతిలో మన కంటికి కానరాని సమీప పరారుణ కిరణాలను నీరు ఇముడ్చుకొంటుంది. నేల, పైరు వాటిని వెనుకకు పంపుతాయి. అందుచేత చిత్రంలో జలాశయం నల్లగా, అంచులు తేటగా కనబడుతుంది. నిండుగా ఉన్ననాటి నుండి వేసవిలో తరిగేవరకు వేర్వేరు తేదీల చిత్రాలు తీసుకొని, ఆయా దినముల నీటిమట్టాన్ని ఆనకట్ట వద్ద చూచుకొంటారు. ఒకే మట్టంలో నీరు పూర్వంకన్న తక్కువ నేలపై పరచుకొన్నదంటే ఆ మేరకు మట్టి చేరినదన్నమాట. రెండు మట్టాల నడుమ ఘనపరిమాణం కట్టేది, ఎందుకు పనికివస్తుందని మీరు విసుక్కొనే ఆ ఛిన్నకం సూత్రంతోనే!

అయితే కనిష్ఠ మట్టానికి దిగువనున్న మట్టి ఉపగ్రహానికి కనబడదు. అక్కడ పడవ తప్పదు. వానాకాలంలో మబ్బులు అడ్డు. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి వెళ్లిన భారత-అమెరికా ఉపగ్రహం నైసార్ మాత్రం రాడారు తరంగాలతో మబ్బుల గుండా, రాత్రివేళ సైతం చూడగలదు. 1979లో భాస్కర-1, 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ సోవియట్ రాకెట్లపై వెళ్లినవి. ఇంతలో ఎంత దూరం వచ్చినాము!

ఈ నీటిని కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు పంచుకొంటున్నాయి. నీరందని ఏడు చివరి ఆయకట్టువారు ఎగువవారిని నిందిస్తారు, ఎగువవారు అధికారులను నిందిస్తారు. పూడికను నిందించేవారు అరుదు. సరిహద్దు తెలియని ఉపగ్రహం ఇరువురికీ ఒకే లెక్క చెబుతుంది. కాని లెక్క తెలిసినంతమాత్రాన మట్టి కదలదు. ఎగువన కొండల మీద చెట్టు నిలిస్తేనే, వాలు పొలాలకు గట్లు పడితేనే క్రొత్త మట్టి రాక తగ్గుతుంది.

కాలువ రాని ఏడు ఏ ఊళ్ల పిల్లలు తల్లిదండ్రుల వెంట వలసపోతారో మా హాజరుపట్టీ చెబుతుంది. అది ఏ ఉపగ్రహానికీ కనబడదు. ఈ వేసవిలో తొమ్మిదవ తరగతివారిని జలాశయపు అంచుకు తీసుకొనిపోవాలని అనుకొంటున్నాము. నీరు వెనుకకు తగ్గిన చోట పగిలిన ఒండ్రు పెళ్లను వారు తమ చేతులతో ఎత్తి చూడవలెను. తల్లిదండ్రులు అనుమతి పత్రాలపై సంతకం చేసి పంపగలరని కోరుతున్నాను.