ఒక్క ఖాళీ చేసిన పని
(తెల్లాపూర్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లు గుమాస్తాగా దస్త్రాలు మోసినవాణ్ణి. డెబ్బై దాటాక మనవడి దగ్గర లినక్స్ కమాండ్లు నేర్చుకున్నాను. మన సభ్యుల కాగితాల స్కానులు నా దగ్గరే ఉండేవి. 'పెన్షన్' అసలు ఫోల్డరు, 'పెన్షన్ నకలు' పాత ప్రతి. నకలు తీసేద్దామని చిన్న స్క్రిప్టు రాశాను. పేరును వేరియబుల్‌లో పెట్టాను గాని, 'ఆర్‌ఎం' కమాండుకు దాన్ని అందించేచోట కొటేషన్ గుర్తులు మరిచాను.

గుర్తులు లేకపోతే బాష్ షెల్‌కు ఖాళీ దగ్గర మాట తెగినట్టే. ఒక పేరు రెండయింది. అసలు ఫోల్డరు పోయింది; 'నకలు' అనేది లేదని సందేశం వచ్చింది. ఆర్‌ఎం తీసేసింది చెత్తబుట్టలోకి కూడా చేరదు. మన సోదరి ఒకావిడ కుటుంబ పెన్షన్ కాగితాలు అందులో ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీసేయదలచిన నకలే చివరకు ఆదుకుంది. తర్వాత చేర్చిన కాగితాలను మాత్రం ఆవిడ ఇంటికి వెళ్లి, క్షమాపణ చెప్పుకుని, మళ్లీ స్కాన్ చేశాను.

కాబట్టి మిత్రులారా, వేరియబుల్‌ను డబుల్ కొటేషన్లలో పెట్టండి. తీసేసే ముందు అదే పేరుతో 'ఎల్‌ఎస్' ఇచ్చి చూడండి. 'పర్మిషన్ డినైడ్' అంటే వెంటనే 'సుడో' తగిలించకండి, అనుమతి ఎందుకు లేదో చూడండి. దస్త్రం చదివాకే సంతకం అని మన పై అధికారులు చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది.

సెలవు.