కొలత తెలిసిన చేయి



వంశధారా తీరమున వెలసిన శ్రీముఖలింగ క్షేత్రమునందు గాంగరాజుల నాటి దానశాసనములు నేటికిని గుడి రాళ్లపై నిలిచియున్నవి. అఖండదీపమునకు ఎవరేమి యిచ్చిరో చెక్కించుట ఆనాటి పద్ధతి. లెక్క లేని దానము నిలువదని పూర్వులెఱిగిరి.

పెద్దలు వీశెలతో, మణుగులతో, కుంచములతో కాలము గడిపిరి. వీశె యనగా 120 తులములు, సుమారు 1,400 గ్రాములు. కుంచము మాత్రము ఊరూరికిని మారుచుండెను. 1956లో మెట్రిక్ తూనికలు కొలతల చట్టము పుట్టెను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము అంచెలంచెలుగా అంగడికెక్కెను.

కిలో వచ్చినను పొలము ఎకరములలోనే, సెంట్లలోనే నిలిచినది. హెక్టారు 2.47 ఎకరములు. చిక్కు ఇచ్చటనే కలదు. హెక్టారునకు 80 కిలోల నత్రజని వేయవలెనని పుస్తకమున ఉన్నదనుడు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. కావున ఎకరమునకు సుమారు 70 కిలోల యూరియా, అనగా 45 కిలోల బస్తాలు ఒకటిన్నర, చాలును. హెక్టారును ఎకరమని చదివినవాడు నాలుగు బస్తాలకు చేరువగా చల్లును. సొమ్ము పోవును, పైరు ఏపుగా పెరిగి ఒరిగిపోవును, పురుగును తెగులును చేరును. తప్పు ఎరువుది కాదు, లెక్కది.

పురుగుమందు మిల్లీలీటరునకు, వడ్రంగి మిల్లీమీటరునకు, పసిబిడ్డ మందు మోతాదునకు ఇదే న్యాయము. దశాంశ బిందువు ఒక్క స్థానము జరిగినచో తప్పు పదింతలగును.

కొలత పండితుల విద్య కాదు, పనివాని పనిముట్టు. ఈ గ్రంథాలయపు బల్లపై ఒక మీటరు బద్దయు, కిలో రాయియు, ఎకరము హెక్టారుల పట్టికయు ఉంచినచో చదువరి తాను నేర్చి, చదువురాని కూలివానికిని చూపగలడు. రజతోత్సవమునకు అంతకు మించిన కానుక లేదు.

స్వస్తి.