సెల్‌ఫోను ఇంటర్నెట్టు: అపోహలు, అసలు సంగతులు

(సంఘాల కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు పాలు పోసిన సభ్యునికి చేతిలో ఒక చీటీ, సంఘం పుస్తకంలో ఒక పద్దు వుండేవి. లెక్క అంతటితో సరి. ఈనాడు చాలా సంఘాలలో తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రాలే చూపిస్తున్నాయి. ఆ లెక్క సెల్‌ఫోనుకు సందేశంగా వస్తున్నది. పాల బిల్లు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది. దీనివలన ఎంతో మేలు జరిగింది. అయితే ఫోను, నెట్టు, టవరు గురించి కొన్ని అపోహలు కూడా ఊళ్ళలో పాతుకున్నాయి. వాటిలో కొన్ని నవ్వుకుని వదిలేయదగినవే. మరికొన్ని మాత్రం సభ్యుని డబ్బుకు, పశువు ఆరోగ్యానికి ముప్పు తెచ్చేవి. అందుకే ఈరోజు వాటిని గురించి చెప్పదలచాము.

మొదటిది: "నెట్టు సరిగా లేదు, అందుకే ఈ పూట నా పాలకు వెన్న తక్కువ పడింది" అనే మాట.

ఇది నిజం కాదు. పాలను పరీక్షించేది సంఘంలో బల్లమీద వున్న యంత్రం. కాంటా కూడా అక్కడే వున్నది. ఆ రెండూ తమ పని తాము చేస్తాయి. వచ్చిన అంకెలను పైకి పంపడం వరకే నెట్టు పని. నెట్టు లేకపోతే కబురు ఆలస్యం కావచ్చు గాని, పాలలో వెన్న తగ్గదు. వెన్న శాతం నిజంగా తేడాగా కనిపిస్తే చూడవలసినవి వేరే వున్నాయి. నమూనా తీసేముందు పాలను బాగా కలిపారా? యంత్రాన్ని ప్రతి పూటా శుభ్రం చేస్తున్నారా? దాని కొలతను సరిచూసి ఎంతకాలమైంది? అనుమానం వుంటే అప్పటికప్పుడే, అక్కడే, గెర్బరు పద్ధతిలో మళ్ళీ పరీక్ష చేయమని అడగండి. తప్పును నెట్టు మీదికి తోసేస్తే అసలు లోపం అలాగే వుండిపోతుంది. నష్టపోయేది సభ్యుడే.

రెండవది: "ఫోనులో గీతలు నిండుగా వున్నాయి, కనుక నెట్టు వేగంగా వుండాలి" అనేది.

లాక్టోమీటరు ఒక్కటే చూసి పాలు మంచివని మనం తీర్మానించము. వెన్న తీసి నీళ్ళు కలిపిన పాలలో కూడా లాక్టోమీటరు సరైన అంకె దగ్గరే నిలబడగలదని మనకు తెలుసు. ఫోనులోని గీతలు కూడా అటువంటివే. టవరు నుండి వచ్చే సంకేతం ఎంత బలంగా వున్నదో మాత్రమే అవి చెబుతాయి. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపాలన్నది ఫోను తయారుచేసేవారు ఎవరికి వారు నిర్ణయించుకున్నదే.

వేగం మరొక విషయం మీద ఆధారపడుతుంది. టవరు ఒక్కటే, వాడుకునేవారు అనేకులు. రక్షిత నీటి ట్యాంకు కింద కుళాయిలన్నీ ఒకేసారి విప్పితే ధార సన్నబడినట్లే, ఊరంతా ఒకేసారి వీడియోలు చూస్తే అందరికీ వేగం తగ్గుతుంది. తెల్లవారుజామున చక్కగా పనిచేసిన నెట్టు సాయంత్రం పాలపూట మందగించడానికి ఇదే ముఖ్య కారణం. అది యంత్రం చెడిపోయిన గుర్తు కాదు.

మూడవది: "సంఘానికి 5జి ఫోను, ఖరీదైన ప్యాకు కొంటే ఇబ్బందులన్నీ తీరతాయి" అనేది.

మన దేశంలో 5జి సేవ 2022 అక్టోబరు 1న ప్రారంభమైంది. ఫోను 5జి అయినంత మాత్రాన సరిపోదు, మీ ఊరి టవరులో కూడా ఆ సేవ వుండాలి. 700 మెగాహెర్ట్జు వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు చాలా దూరం పోతాయి. 3300 మెగాహెర్ట్జు వంటివి ఎక్కువ సమాచారం మోస్తాయి గాని అంత దూరం పోలేవు, గోడలు దాటి లోపలికి రావడం కూడా వాటికి కష్టం.

అసలు మన సంఘానికి కావలసింది ఎంత? వందమంది సభ్యుల ఒక పూట లెక్క అంటే కొన్ని వరుసల అంకెలు. ఒక ఫొటో కంటే తక్కువే. 2023 జనవరిలో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవడానికి కనీస వేగాన్ని సెకనుకు 2 మెగాబిట్లుగా నిర్ణయించింది. మన లెక్క పంపడానికి అదే ఎక్కువ. మనకు కావలసింది నిలకడ. కనుక ఖర్చు పెట్టేముందు మీ ఊరిలో ఏ కంపెనీ సంకేతం స్థిరంగా వున్నదో రెండు పూటలా చూడండి. నెంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం 2011 జనవరి నుండి దేశమంతటా వున్నది. ఇనుప రేకుల కప్పు సంకేతాన్ని అడ్డుకుంటుంది కనుక ఫోనును కిటికీ దగ్గర వుంచి చూడండి. సిగ్నలు పెంచే పెట్టె అంటూ బజారులో అమ్మేవి మాత్రం కొనవద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కల వారి ఫోన్లకు అంతరాయం కలుగుతుంది.

నాలుగవది: "డేటా ప్యాకు లేకపోతే పాల సందేశం రాదు" అనేది.

మామూలు ఎస్.ఎం.ఎస్. రావడానికి డేటా ప్యాకు అక్కరలేదు, నెంబరు వాడుకలో వుంటే చాలు. మాటలకు, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే పనికివచ్చే ప్యాకులు కూడా అమ్మాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన చేసింది. బొత్తాల ఫోను వాడే తల్లులు, పెద్దలు అవసరంలేని డేటాకు డబ్బు కట్టనక్కరలేదు. దుకాణంలో ఆ ప్యాకు పేరు చెప్పి అడగండి. అయితే ఒక్క జాగ్రత్త. రీచార్జి చేయక మూతపడిన నెంబరును 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చు. మీ పాల డబ్బు పడే ఖాతాకు ఆ నెంబరే వుంటే మీ కబుర్లు పరాయివారికి పోతాయి. నెంబరు మారినవారు వెంటనే బ్యాంకులోను, సంఘంలోను రాయించుకోవాలి.

ఐదవది: "టవరు వేసినప్పటి నుండి గేదె పాలు తగ్గించింది" అనేది.

ఈ మాట మేము చాలాచోట్ల విన్నాము. భయాన్ని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. టవరు నుండి వచ్చేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రే కిరణాలలాగా శరీర కణాలను చీల్చే శక్తి వాటికి లేదు. ఈ తరంగాల వలన క్యాన్సరు రావడానికి అవకాశం వుండవచ్చుననే జాబితాలో వీటిని 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ చేర్చిన మాట నిజమే. ఆధారాలు పరిమితమని కూడా ఆ సంస్థే చెప్పింది. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 2021లో 5జి పరీక్షల వలన కరోనా వ్యాపిస్తున్నదని పుకారు పుట్టింది. అప్పటికి దేశంలో 5జి పరీక్షలే మొదలుకాలేదని టెలికాం శాఖ ప్రకటించవలసి వచ్చింది.

పాలు తగ్గడానికి మనకు బాగా తెలిసిన కారణాలు వున్నాయి. పచ్చిమేత కరువు, ఖనిజ లవణాల లోపం, కడుపులో పురుగులు, ఎండ తాపం, పొదుగువాపు. గేదె పాలు తగ్గితే టవరువైపు చూస్తూ వారం గడిపితే, ఈలోగా పొదుగువాపు ముదిరి ఒక చన్ను శాశ్వతంగా పోవచ్చు. ఆ నష్టాన్ని ఎవరూ తీర్చలేరు. పాలలో విరుగుళ్ళు గాని, పొదుగు గట్టిపడడం గాని కనిపిస్తే ఆ రోజే పశువైద్యుని పిలవండి.

చివరిది, అన్నిటికంటె ప్రమాదకరమైనది: "ఫోనులో వచ్చింది కనుక నిజమే" అనేది.

డబ్బు జమ అయిందని సందేశం వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్లు కాదు. అటువంటి సందేశాన్ని ఎవరైనా రాసి పంపగలరు. ఖాతాలో నిలువ చూసుకోవాలి, లేదా పాసుపుస్తకం రాయించుకోవాలి. "పాల బోనసు వచ్చింది, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఎవరు అడిగినా చెప్పవద్దు. మీకు డబ్బు రావడానికి మీరు పిన్ను నొక్కనక్కరలేదు. పిన్ను నొక్కవలసి వచ్చేది మీ ఖాతా నుండి డబ్బు పంపేటప్పుడు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపడానికి అంత అవకాశం వుంటుంది.

సోదర సభ్యులారా, ఫోను మన పాల లెక్కను మోసుకువచ్చే కబురు మాత్రమే. కొలత సంఘంలో జరుగుతుంది, డబ్బు బ్యాంకులో వుంటుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూడగలిగితే ఏ తేడా ఎక్కడ వచ్చిందో సభ్యునికి తెలుస్తుంది, ఎవరిని అడగాలో తెలుస్తుంది. నెట్టు పనిచేయని పూట ప్రతి సభ్యునికి చేతిరాత చీటీ ఇవ్వవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. పదిహేను రోజులకొకసారి ఆ చీటీలను, సందేశాలను, బిల్లును పక్కపక్కన పెట్టి సరిచూసుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాము. చదువురాని పొరుగు సభ్యునికి ఆ లెక్క చదివి వినిపించడం కూడా సహకారమే.