తక్కువ తిరిగిన పాతకారు: అసలు భాగముల చిక్కు

(న్యూ టౌనునందలి తెలుగువారి సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



కలకత్తాకు తూర్పున వెలసిన ఈ న్యూ టౌనునుండి బయలుదేరి, హుగ్లీనది దాటి పడమటి యొడ్డున కేగినచో ఉత్తరపాడా కలదు. అచటి హిందుస్థాన్ మోటార్సు కర్మాగారమున, ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి నిర్మింపబడిన అంబాసిడరు, 1950 దశాబ్ది చివరినుండి 2014 మే నెలవరకు తయారైనది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కాకారును పరిచయము చేయ నక్కరలేదు.

అట్టి కార్లు కొన్ని యిండ్లలో నేటికిని పదిలముగ నున్నవి. తండ్రి కొనెను, పండుగలకు పబ్బములకు మాత్రమే నడిపెను, పిదప గుడ్డ కప్పి నిలిపెను. మీటరుపై అంకె మిక్కిలి చిన్నది. కుమారుడు దానిని మరల రోడ్డెక్కింపదలచి, క్రిందికి వంగి చూచును. చక్రములకడ నున్న యీ భాగములు కంపెనీవారు బిగించినవేనా? నడుమ ఎవరైన మార్చిరా? ఉంచవలయునా, తీసివేయవలయునా?

ముందుగా నొక హెచ్చరిక. పాతమీటర్లు పెక్కింటిలో అయిదంకెలే యుండును. 99,999 దాటినచో మరల సున్నకు వచ్చును. కావున మీటరొక్కటే సాక్ష్యము గాదు.

అంబాసిడరునకు ముందు చక్రములకడ టోర్షను బార్లు, వెనుక కమానుకట్టలు గలవు. టోర్షను బారనగా పొడవైన ఉక్కుకడ్డీ. చక్రము గుంతలో పడి లేచునపుడది మెలితిరిగి, మరల యథాస్థితికి వచ్చును. తొలికార్లలో షాకబ్జార్బర్లు చేతికఱ్ఱవంటి లివరుతో పనిచేయునవి. తరువాతి కార్లలో గొట్టమువంటివి. తొలికారునకు గొట్టపురకము కనబడినచో నడుమ మార్పు జరిగినదని యనుమానింపవచ్చును. ఛాసిస్ నంబరును, ఆనాటి విడిభాగముల పుస్తకమును సరిచూచి నిర్ణయింపవలెను.

అసలువని తేలినంతమాత్రమున మంచివని యర్థము గాదు. మైళ్లు తక్కువైన ఉక్కు అరుగకుండవచ్చును. రబ్బరునకు మాత్రము ఏండ్లే లెక్క. నిలిచియున్నను బుష్షులు గట్టిపడి పగులును, గ్రీజు ఎండును, షాకబ్జార్బరు సీళ్లు చెడి నూనె కారును. వంగదేశపు తేమకు కమానుపట్టీల నడుమ త్రుప్పు చేరును. కదలని కారునకు విశ్రాంతి లేదు. దాని బరువు రేయింబవళ్లు ఆ కడ్డీలపైననే యుండును.

కావున కారును సమతలమున నిలిపి, టైర్లగాలి సరిచేసి, ఇరుప్రక్కల ఎత్తును కొలువవలెను. కడ్డీలను విప్పునపుడు కుడి యెడమలు గుర్తింపవలెను. ఒకవైపు మెలితిరుగ నలవాటుపడిన ఉక్కును ఎదురువైపు మెలిపెట్టరాదు. పగులును త్రుప్పుగుంటలును లేని ఉక్కు నుంచవచ్చును. రబ్బరును మాత్రము సంకోచింపక మార్పవలెను. బ్రేకు వేసినపుడు కారు ఒకప్రక్కకు లాగినచో, ప్రమాదము లోన కూర్చున్న భార్యాబిడ్డలకే గదా!

తీసిన భాగములను పారవేయక, తేదీ వ్రాసిన చీటి కట్టి దాచుట మేలు. ఫైలులో నోటు వ్రాసి సంతకము చేయువారికి ఈ పద్ధతి క్రొత్తది గాదు. ఏది యసలుదో, ఏది యెప్పుడు మారినదో నిజముగ వ్రాసియుంచిన కారే తరువాతి తరమునకు నమ్మదగిన వారసత్వము.