ఈసడించిన నుడికే పండుగ

(ఒక సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము చెప్పబోయేది దూరదేశపు ముచ్చట. యిడ్డిష్ అనే భాష, దాని పాట, దాని ఆట, వాటికి జరిగే పండుగ. మేము ఆ పండుగకు పోయి చూసినవాళ్లం కాదు. పుస్తకాల్లో చదివాం, రికార్డుల్లో పాటలు విన్నాం. విన్నాక నలుగురికీ చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

యిడ్డిష్ అంటే ఏంది? పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్, రుమేనియా వంటి చోట్ల బతికిన యూదుల ఇంటి మాట. సుమారు వెయ్యేళ్ల వయసున్న మాట. జర్మన్‌కు దగ్గరగా పుట్టి హీబ్రూనూ, చుట్టుపక్కల పల్లెల మాటలనూ కలుపుకుంది. రాసేది హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకు. ప్రార్థనకూ శాస్త్రానికీ హీబ్రూ ఉంది, అది ‘పవిత్ర భాష’. దర్జీ బట్ట కుడుతూ మాట్లాడేది, సంతలో బేరమాడేది, తల్లి జోలపాడేది మాత్రం యిడ్డిష్‌లోనే. అందుకే దానికి ‘మామె లోష్న్’ అని పేరు. అంటే అమ్మ నుడి.

మరి ఆ అమ్మ నుడికి దక్కిన గౌరవమేంది? దాన్ని ‘జార్గన్’ అన్నారు. భాషే కాదు, కలగాపులగం యాస అని అర్థం. పరాయివాళ్లే కాదు, సొంత జనంలో చదువుకున్న పెద్దలు కూడా అట్లాగే ఈసడించారు. ఆ ఈసడింపుకు జవాబుగా 1908లో చెర్నోవిట్స్ పట్టణంలో రచయితలు సభ పెట్టి, యిడ్డిష్ కూడా యూదు ప్రజల జాతీయ భాషే అని తీర్మానం చేశారు. 1978లో ఐజాక్ బషేవిస్ సింగర్‌కు ఈ భాషలో రాసినందుకే నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక పాట సంగతి. పెళ్లిళ్లలో వాయించేవాళ్లను ‘క్లెజ్మర్’లు అనేవారు. ఫిడేలు, సింబల్ అనే తంతివాద్యం, తర్వాత క్లారినెట్ వాళ్ల వాద్యాలు. వాళ్లు లేకుంటే పెళ్లి జరగదు. కానీ వాళ్లకు పిల్లనిచ్చేటప్పుడు మాత్రం పెద్దకుటుంబాలు వెనుకాడేవి. ఒక్కో ఆటకు అతిథులు ఇచ్చే చిల్లర డబ్బులే వాళ్ల కూలి. చాలామంది క్షురకవృత్తి వంటి వేరే పని కూడా చేసుకునేవాళ్లు. ఈ మాట చెబుతుంటే మీలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మాకు కనపడుతూనే ఉంది. విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పెళ్లిలో ‘బద్ఖన్’ అనేవాడు ఒకడుంటాడు. ఆశుకవి. ముందు పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి, పుట్టిల్లు విడిచే బాధను పాడి ఏడిపిస్తాడు. తర్వాత అందరినీ నవ్విస్తాడు. ఆటల్లో ఒకటి ‘షేర్’. అంటే కత్తెర. నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి ఒకరి మధ్యనుంచి ఒకరు దాటిపోతారు. ఇంకొకటి అలక ఆట. వియ్యపురాళ్లిద్దరూ ముఖం తిప్పుకుని, మూతి ముడుచుకుని, చివరికి చేతులు కలుపుకుని ఆడతారు. బతుకులో ఉన్న తగాదానే ఆటలో పెట్టి తీర్చుకున్నారు చూశారా!

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటి మందికి పైగా ఈ భాష మాట్లాడారు. హిట్లర్ నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారు. అందులో అత్యధికులు యిడ్డిష్ మాట్లాడేవాళ్లే. ఊళ్లకు ఊళ్లే పోయాయి. వాయించేవాడూ పోయాడు, ఆడేవాడూ పోయాడు. సోవియట్ దేశంలో 1952 ఆగస్టు 12న 13 మందిని కాల్చి చంపారు. వాళ్లలో పేరున్న యిడ్డిష్ కవులు, రచయితలు ఉన్నారు.

అయినా కొందరు ప్రాణాలకు తెగించి దాచారు. విల్నా ఘెట్టోలో సుట్స్‌కెవర్, కచర్గిన్‌స్కీ అనే కవులు నాజీల కళ్లుగప్పి పుస్తకాలనూ రాతప్రతులనూ బట్టల కింద దాచి తెచ్చి భద్రం చేశారు. కచర్గిన్‌స్కీ ఘెట్టోల్లో, క్యాంపుల్లో పుట్టిన పాటలను పోగుచేసి 1948లో అచ్చేయించాడు. ఉక్రెయిన్‌లో బెరెగోవ్‌స్కీ అనే పండితుడు ఊరూరా తిరిగి మైనపు గొట్టాల మీద పాటలు రికార్డు చేశాడు. 1950లో ఆయన్ను పట్టుకుని నిర్బంధ శిబిరానికి పంపారు. పోయాయనుకున్న ఆ గొట్టాలు 1990 దశకంలో కీవ్‌లోని గ్రంథాలయంలో బయటపడ్డాయి.

అమెరికాకు వలసపోయినవాళ్ల కథ ఇంకో రకం. అక్కడ చంపేవాడు లేడు. పిల్లలకు సిగ్గే శత్రువైంది. అమ్మానాన్నల యాస బయట వినపడితే నామోషీ. అట్లా ఒక తరం గడిచిపోయింది. 1970 దశకంలో ఆ సిగ్గుపడినవాళ్ల పిల్లలు మేల్కొన్నారు. డేవ్ టారస్ అనే ముసలి క్లారినెట్ విద్వాంసుడి దగ్గరికి పోయి, “మాకు నేర్పు తాతా” అన్నట్టు కూర్చున్నారు.

అక్కడినుంచి పుట్టిందే పండుగ. 1985 డిసెంబరులో హెన్రీ సపోజ్నిక్, ఏడ్రియన్ కూపర్ మొదలైనవాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో కొండప్రాంతపు హోటల్లో ‘క్లెజ్‌క్యాంప్’ పెట్టారు. వారం రోజుల సంబరం. పగలు తరగతులు: భాష, పాట, వాద్యం, నాట్యం. రాత్రి అందరూ కలిసి ఆట. పసిపిల్లల నుంచి తాతల దాకా ఒకే చోట. 2014 దాకా 30 సార్లు జరిగింది. అది ఆగిన మరుసటి ఏడు, 2015 డిసెంబరులో, న్యూయార్క్ నగరంలో ‘యిడ్డిష్ న్యూయార్క్’ అనే పండుగ మొదలైంది.

ఈ పండుగలో మాకు నచ్చిందేమంటే, ఇది కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టి పోయేది కాదు. వచ్చినవాడు ఒక అడుగైనా, ఒక పాటైనా నేర్చుకునే పోవాలి.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. రాగం తొందరగా బతికింది, మాట అట్లా బతకలేదు. క్లెజ్మర్‌కు చిందులేసే వేలమందిలో యిడ్డిష్‌లో మాట్లాడగలిగినవాళ్లు కొద్దిమందే. పిల్లలు ఇంట్లో పొద్దస్తమానం యిడ్డిష్ మాట్లాడేది ఎక్కువగా బ్రూక్లిన్, జెరూసలేం వంటి చోట్ల ఉన్న హసిదీ కుటుంబాల్లోనే. అందుకే ఆ పండుగల్లో వాద్యం పక్కనే అక్షరాలు కూడా నేర్పుతున్నారు. మాట పోతే పాట సగమే మిగులుతుందని వాళ్లకు తెలుసు.

మేము బడిపంతుళ్లం, కాబట్టి ఒక పని అప్పగించి ముగిస్తాం. డేవ్ టారస్ 1989లో చనిపోయాడు. మరీ ఆలస్యంగా పోయి ఉంటే ఆ పిల్లలకు ఆయన దొరికేవాడు కాదు. మీ ఇంట్లో పాట తెలిసిన ముసలమ్మ ఉంటే ఈ రాత్రికే అడిగి పాడించుకోండి. రేపటికి వాయిదా వేయకండి.